దేవుడికంటే ముందు గుళ్ళో చేరింది

అనగనగనగా, ఎటు చూసినా బండరాళ్ళే ఉండే సీమలో కాకిబండ అని ఒక ఊరుండేది. దుప్పటి మెడదాకా కప్పుకున్నావా? ఆఁ. ఊఁ కొడుతూ విను. నువ్వు ఊఁ మానేస్తే కథ అక్కడే కూలబడిపోతుంది మరి.

ఆ ఊళ్ళో పేరమ్మ అని ఒక శిల్పులింటి ఆడపిల్ల ఉండేది. వాళ్ళమ్మ సూరమ్మ, నాన్న అయ్యలోజు. వాళ్ళకి పేరమ్మ ఒక్కతే. అయ్యలోజు గుడి కట్టడానికి వచ్చి ఆ ఊళ్ళోనే ఉండిపోయాడు. కూతురికి చిన్నప్పటినుంచే చేతిలో ఉలి పెట్టాడు.

ముందు రాళ్ళని ఎంచేవాడు. చిన్న సుత్తితో తట్టి, చెవి ఆనించి వినేవాడు. గంటలా మోగితే మగరాయి, దాంతో దేవుణ్ణి చెక్కాలి. తాళంలా మోగితే ఆడరాయి, దాంతో అమ్మవారిని చెక్కాలి. తట్టినా పలకని రాయిని నేలమీద పరచాలి. పేరమ్మ ఆ చప్పుళ్ళు వింటూనే పెరిగి పెద్దదయింది.

ఆ తర్వాత మెల్లగా గుడి లేచింది. గుడంటే ఏమనుకున్నావు? మనలాంటి ఒళ్ళే. కింద పీఠం ఉంటుందే, అది పాదాలు. గోడలు ఒళ్ళు. ఆ పైన భుజాలు, ఆ పైన సన్నగా మెడ, ఆ పైన శిఖరం. అదే తల. మరి లోపల? లోపల కిటికీ లేని చిన్న గది, అది కడుపు. అందుకే గర్భగుడి అంటాం. అమ్మ కడుపులో వెలుతురుంటుందా? అక్కడా ఉండదు.

ఆ చీకట్లో చెన్నకేశవస్వామిని నిలబెట్టారు. నల్లరాతి స్వామి. ముక్కు, పెదవులు, చెవులకి కుండలాలు, వేళ్ళకి గోళ్ళు, అన్నీ అయ్యాయి. కళ్ళు మాత్రం పక్షిగుడ్ల లాగా నున్నగా, బోసిగా ఉన్నాయి. కళ్ళు అన్నిటికంటే ఆఖరున తెరవాలి. బంగారు పొన్ను వేసిన ఉక్కు సూదితో కంటికొక గీత. అప్పటిదాకా అది రాయి. ఆ తర్వాత దేవుడు.

అయితే ఒకటుంది. స్వామి మొదటి చూపు మనిషిమీద పడకూడదు. అన్నాళ్ళు రాతిలో మూసి ఉన్న చూపు కదా, మనం ఓర్చుకోలేం. అందుకని గీసేవాళ్ళు స్వామికి వీపు పెట్టి నిలబడతారు. ఎదురుగా అద్దం పెట్టుకుని, అందులో చూస్తూ, చెయ్యి భుజం మీంచి వెనక్కి పోనిచ్చి గీస్తారు. చూపు వెళ్ళి అద్దానికి తగులుతుంది. అయ్యలోజు కూతురికి అన్నీ నేర్పాడు గానీ కళ్ళు నేర్పలేదు. "కళ్ళు చివర్న నేర్పుతాలే" అనేవాడు.

ఆ చివర రాలేదు. కళ్ళు తెరవాల్సిన వారంలోనే ఆయనకి జ్వరం తగిలింది. మంచం ఎక్కినవాడు మళ్ళీ దిగలేదు.

అప్పుడు ఊరి పెద్ద బసివిరెడ్డి, తక్కిన పెద్దలూ కూర్చుని మాట్లాడుకున్నారు. గుడి కట్టినవాడే పోయాడు, మైల పోయేదాకా ఏడాది ఆగుదాం అన్నారు. గుడికి ఇంకా తలుపులు కూడా బిగించలేదు. అలాగే వదిలేశారు.

కట్టిన ఇల్లు ఖాళీగా ఉంచకూడదంటాం చూడు, ఎందుకనుకున్నావు? ఖాళీ ఊరుకోదమ్మా. ఎవరినో ఒకరిని రమ్మంటుంది. స్వామి ఇంకా రాలేదు. ఈలోగా వేరే ఏదో లోపలికి వచ్చి చేరింది.

ముందు లింగికి తెలిసింది. లింగి మేకలు కాసుకునే పిల్ల. దాని పాట వింటే ఎద్దులు మెడ తిప్పి నిలబడేవి. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన వచ్చింది. లింగి పాడుకుంటూ పరుగెత్తి గుడి మండపంలోకి వెళ్ళింది. మేకలు మాత్రం ఎక్కలేదు. వానలో తడుస్తూ మెట్ల కిందే నిలబడ్డాయి, ఒక్కటీ అరవలేదు.

వాన వెలిశాక లింగి బయటికి వచ్చింది. మేకల్ని పిలవడానికి నోరు తెరిచింది. శబ్దం రాలేదు. మళ్ళీ తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. ఆ దారిన పోయేవాళ్ళకి ఒక పాట వినిపించింది. లింగి మెట్లమీద కూర్చుని ఏడుస్తోంది, లింగి పాట గర్భగుడిలోంచి వస్తోంది.

ఆ తర్వాత గానుగ సిద్ధయ్య. ఆరడుగుల మనిషి, దేనికీ జంకేవాడు కాదు. "దీపం లేక గుడి అలా తయారయింది" అని నూనె, వత్తి పట్టుకుని సాయంత్రం పూట లోపలికి వెళ్ళాడు. ప్రమిద వెలిగించాడు. గాలి లేదు. దీపం ఆరలేదు కూడా. మంట సన్నగా సాగి, చీకటి వైపు వంగింది. వేలంత సాగింది, జానెడు సాగింది. ఎవరో గుక్క గుక్కగా తాగుతున్నట్టు తగ్గిపోయి మాయమయింది.

సిద్ధయ్య పరుగు పరుగున ఇంటికొచ్చాడు. మర్నాడు పొద్దున ఎండలో గానుగ దగ్గర నిలబడితే ఆయన భార్య కెవ్వున కేక పెట్టింది. ఎద్దుకి నీడ ఉంది. గానుగకి నీడ ఉంది. సిద్ధయ్య కాళ్ళ దగ్గర నేల ఖాళీగా ఉంది. ఆనాటినుంచి ఆయనకి ఎండాకాలంలో కూడా చలే. వీధి కుక్కలు ఆయన్ని చూసి మొరగడం మానేశాయి. అక్కడ మనిషే లేనట్టు పక్కనుంచి పోయేవి.

ఊఁ కొడుతున్నావా? భయమేస్తే నా చెయ్యి పట్టుకో. మూడోది చెప్పాలి.

మూడోది పేరమ్మ వాళ్ళమ్మే. దీపాలు పెట్టే వేళ సూరమ్మ కట్టెలమోపు నెత్తిన పెట్టుకుని గుడి ముందునుంచి వస్తోంది. "సూరీ" అని పిలుపు వినిపించింది. అయ్యలోజు గొంతు. దాహం వేసినప్పుడు ఎలా పిలిచేవాడో అలాగే. మొగుడు పోయాడని ఆవిడకి తెలీదా? తెలుసు. తన చేతులతోనే సాగనంపింది. కానీ అన్నేళ్ళు విన్న గొంతు పిలిస్తే కాళ్ళు ఆగుతాయా? మోపు దించి లోపలికి వెళ్ళింది.

తర్వాత ఎప్పుడో ఇంటికి వచ్చి అరుగుమీద కూర్చుంది. పేరమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. సూరమ్మ తాగి మూతి తుడుచుకుంది.

"చల్లగా ఉంది తల్లీ. ఎవరమ్మాయివి నువ్వు?" అంది.

పేరమ్మకి ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత వాళ్ళమ్మ మొహం చూసింది. నవ్వు ఆగిపోయింది.

సూరమ్మకి అన్నీ గుర్తున్నాయి. ఆవు పేరు గుర్తుంది, మొగుడు పోయిన రోజు గుర్తుంది, ఉప్పు ఏ కుండలో ఉందో గుర్తుంది. కూతురొక్కతే లేదు. గోడకి ఏళ్ళ తరబడి వేలాడిన పటం తీసేస్తే ఆ మేర తెల్లగా కనిపిస్తుంది చూడు, అలా ఆవిడ మనసులో పేరమ్మ ఉన్నంత మేర తెల్లగా అయిపోయింది. ఆ పూట తల్లి, "పరాయి ఇంట్లో ఎంతసేపుంటావు, మీవాళ్ళు వెతుక్కోరూ?" అని కూతుర్ని గుమ్మం దాకా సాగనంపింది. పేరమ్మ తెల్లారేదాకా పెరట్లో ఆవు పక్కన కూర్చుంది.

అప్పుడు బసివిరెడ్డి ఊరివాళ్ళని పోగేశాడు. "ఇంక లాభం లేదు. రాళ్ళు పేర్చి గర్భగుడి ద్వారం మూసేద్దాం. లోపలిది లోపలే పడుంటుంది" అన్నాడు. అందరూ సరే అన్నారు. గుడి ముందు రాళ్ళు తెచ్చి కుప్ప పోశారు.

పేరమ్మ వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడింది. "లోపల లింగి గొంతుంది మామా. మా అమ్మ మనసులో ఉన్న నేనూ అక్కడే ఉన్నాను. ద్వారం మూస్తే మమ్మల్ని మూసేసినట్టే. నాకొక్క పొద్దు ఇవ్వు. స్వామికి కళ్ళు తెరుస్తాను."

"నీకు కళ్ళు తెరవడం వచ్చా?"

"రాదు."

బసివిరెడ్డి చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, భయపడ్డవాడు. "రేపు పొద్దున ఎండ మండపం దిగి వెళ్ళిపోయేదాకా ఆగుతాం. అప్పటికి కాకపోతే నిన్ను బయటికి లాగి మూసేస్తాం" అన్నాడు.

దీపంతో పని జరగదని పేరమ్మకి తెలుసు. దీపాన్ని అది తాగేస్తుంది. ఎండని తాగడం ఎవరి తరం? గుడి తూర్పు ముఖం. అయితే ఆ నెలలో సూర్యుడు కాస్త పక్కకి జరిగి పొడుస్తాడు, ఎండ మండపం స్తంభాల దగ్గరే ఆగిపోతుంది. అందుకని ఇత్తడి పళ్ళేలు చింతపండుతో తళతళలాడేలా తోమింది. ఒక పళ్ళెం ఎండని పట్టి ఇంకో పళ్ళేనికి ఇవ్వాలి. అది మూడోదానికి ఇవ్వాలి. మూడో పళ్ళెం గర్భగుడి గడప దగ్గర, స్వామి చూపుకి తగలకుండా పక్కగా నిలబడి లోపలికి విసరాలి.

మొదటి పళ్ళెం లింగి పట్టుకుంది. రెండోది సిద్ధయ్య పట్టుకున్నాడు. గడప దగ్గరికి రావడానికి మాత్రం ఊళ్ళో ఒక్కరూ ముందుకు రాలేదు. అప్పుడు సూరమ్మ కొంగు బిగించి లేచింది.

"నేను పట్టుకుంటాను. ఎవరి బిడ్డో పాపం, ఒక్కతీ వెళ్తోంది" అంది.

పొద్దు పొడిచింది. ఎండ మండపంలోకి వచ్చింది. లింగి పళ్ళెం మెరిసింది, సిద్ధయ్య పళ్ళెం మెరిసింది, సూరమ్మ పళ్ళెం మెరిసింది. గర్భగుడిలో స్వామి మొహంమీద అరచేయంత వెలుగు పడింది. చుట్టూ మాత్రం చీకటి తారులాగా అలాగే ఉంది.

పేరమ్మ స్వామికి వీపు పెట్టి నిలబడింది. ఎదురుగా రాతి పీటమీద అద్దం ఆనించింది. అద్దంలో తన మొహం కనిపించింది. భుజం వెనక స్వామి బోసికళ్ళు కనిపించాయి. సూది తీసి చెయ్యి వెనక్కి పెట్టింది. లోపల గాలి చల్లగా ఉంది, ఎవరో నోరు తెరిచి దగ్గరగా నిలబడితే తగిలే గాలి లాగా.

అప్పుడు చీకట్లో పాట మొదలయింది. లింగి పాట. బయట లింగి తన గొంతు తానే విని వణికిపోయింది. వెలుగు గోడమీదికి జారిపోయింది. పేరమ్మ కదలకుండా కళ్ళు మూసుకుని ఆగింది. లింగి పళ్ళు బిగబట్టి మళ్ళీ పళ్ళెం నిలబెట్టింది. వెలుగు తిరిగి వచ్చింది.

ఆ తర్వాత, సరిగ్గా చెవి పక్కనే, నాన్న గొంతు వినిపించింది. "పేరీ, గీత వంకర పోతోందమ్మా. ఇలా తిరుగు, చేత్తో పట్టి చూపిస్తాను."

నాన్న అలాగే అనేవాడు. పేరమ్మ మెడ దానంతట అదే సగం తిరిగింది. ఆ సగంలో గడప దగ్గర అమ్మ కనిపించింది. సూరమ్మకి కూడా ఆ గొంతు వినిపిస్తోంది. ఆవిడ బుగ్గలమీదుగా నీళ్ళు కారుతున్నాయి. అయినా పళ్ళెం కదల్లేదు.

"తిరక్కు బిడ్డా" అంది సూరమ్మ. "ఆ గొంతు నాకు తెలుసు. ఆయన కాదు. నువ్వు నీ పని చూసుకో."

పేరమ్మ మెడ మళ్ళీ అద్దంవైపు తిప్పేసుకుంది. ఊపిరి బిగబట్టి కుడికంటికి గీత గీసింది. ఎవరో వెనకనుంచి వేడి చెయ్యి వేసినట్టు మెడమీద వెచ్చగా తగిలింది. స్వామికి ఒక కన్ను తెరుచుకుంది. ఆ కంటి వెలుగులో, అద్దంలో, అది కనిపించింది.

స్వామి పాదాల దగ్గర ముడుచుకుని ఉంది. దానికి కాళ్ళూ చేతులూ లేవు. ఒళ్ళంతా నోరే. ఆ నోట్లో సిద్ధయ్య నీడ మడతపెట్టిన గొంగడిలా ఉంది. లింగి గొంతు మిణుగురులా కొట్టుకుంటోంది. ఇంకా లోపల, ఒక బుజ్జిపిల్ల గోడ పట్టుకుని తప్పటడుగులు వేస్తోంది. ఆ పిల్లని పేరమ్మ గుర్తుపట్టింది. అది తనే.

అప్పుడు అది మూడోసారి మాట్లాడింది. ఈసారి ఎవరి గొంతూ కాదు. ఖాళీ కుండలో గాలి తిరిగినట్టుంది.

"మీ నాన్న నన్ను పొమ్మన్నాడు" అంది.

రాయి కొట్టేముందు శిల్పులు ఒక పని చేస్తారమ్మా. బండ దగ్గర అన్నం పెట్టి దండం పెడతారు. ఇక్కడ ఉన్న ప్రాణుల్లారా, ఇది తిని వేరే చోటికి వెళ్ళండి అంటారు. అయ్యలోజూ అలాగే పెట్టాడు, అలాగే అన్నాడు.

"అన్నం తిన్నాను. పొమ్మంటే లేచాను. ఎక్కడికో చెప్పలేదు. నేనుండే బండ గోడలయింది, స్తంభాలయింది. తిరిగి తిరిగి వచ్చాను. ఇక్కడ ఖాళీగా ఉంది. ఆకలేసింది." మళ్ళీ అంది. "రెండో కన్ను తెరువు. నేను కాలిపోతాను. నాలో ఉన్నవీ కాలిపోతాయి."

పేరమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తెరిస్తే అమ్మకి తను ఇంకెప్పటికీ గుర్తు రాదు. తెరవకపోతే ద్వారం మూసేస్తారు. బయట ఎండ ఒక్కో స్తంభం దిగుతోంది. రాళ్ళు పట్టుకున్నవాళ్ళ కాళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

ఆ బుజ్జిపిల్ల నోట్లో ఇంకా నడుస్తూనే ఉంది, పడుతూ లేస్తూ.

పేరమ్మకి గుడి గోడలు కళ్ళముందు మెదిలాయి. వాటిమీద ఏనుగులున్నాయి, హంసలున్నాయి. ఆడేవాళ్ళు, పాడేవాళ్ళు, కడుపుతో ఉన్న ఆడమనిషి, వేటగాడు, వాడి బాణం తగిలిన జింక, ఆఖరికి ఒక మూలన దొంగ కూడా ఉన్నాడు. గుడంటే లోకమంతా ఉండాలని నాన్న అన్నిటికీ చోటు చూశాడు. లోకంలో ఆకలి లేదా? దానికి చోటు చూడలేదు.

"నీకు నేను చోటిస్తాను" అంది పేరమ్మ, అద్దంలో దాన్నే చూస్తూ. "ఇక్కడ కాదు. ఇది కడుపు, ఇందులో ఒక్కరే ఉండాలి. ద్వారం పైన ఉందువుగాని."

"అక్కడ నాకేం దొరుకుతుంది?"

"వచ్చేవాళ్ళు చాలా మోసుకొస్తారు. గర్వం తెస్తారు, కుళ్ళు తెస్తారు, అబద్ధాలు తెస్తారు. అవి స్వామి ముందుకి రాకూడదు. అన్నీ నువ్వు తిను. మనుషుల్ని మాత్రం తినకు. మింగినవి ఇక్కడే వదిలేసి రా."

"రుచిగా ఉంటాయా?"

"నాకు తెలీదు. ఎప్పటికీ అయిపోవు, అది మాత్రం తెలుసు."

చీకట్లో నోరు చప్పరించిన చప్పుడు వినిపించింది. పేరమ్మ స్వామివైపు చూడకుండా, గోడ పట్టుకుని పక్కగా నడుచుకుంటూ బయటికి వచ్చింది. ద్వారం మూయడానికి పోసిన రాళ్ళని ద్వారం ముందు తనే పేర్చడం మొదలుపెట్టింది. "మూసేస్తున్నావా?" అన్నాడు బసివిరెడ్డి.  పేరమ్మ ఆ రాళ్ళమీదికి ఎక్కి, ద్వారబంధం పైరాతికి ఉలి పెట్టింది.

ఎప్పుడూ కొట్టనంత జోరుగా కొట్టింది. ముందు కనుబొమలు వచ్చాయి. ఆ తర్వాత ఉబికిన గుడ్లు వచ్చాయి. ఆ తర్వాత వెడల్పాటి ముక్కు, పైపళ్ళు. సుత్తి జారి చేతికి తగిలింది, నెత్తురు కారింది. ఆగలేదు. ఎండ ఆఖరి స్తంభం దిగుతోంది. కింది దవడ ఇంకా చెక్కలేదు.

"ఇంతే నా వల్ల అయింది. రా" అంది.

లోపలినుంచి చల్లటి గాలి వచ్చింది. పేరమ్మ ముంగురులు పైకి లేచాయి. సూరమ్మ చేతిలో పళ్ళెం మంచులా చల్లబడింది. అంతవరకూ తట్టినా పలకని పైరాయి ఒక్కసారి ఖంగుమంది.

పేరమ్మ కిందికి దూకి, రాళ్ళని కాలితో పక్కకి తోసి, లోపలికి పరుగెత్తింది. కళ్ళు నేలమీదే పెట్టుకుని వెళ్ళి, స్వామికి వీపు తిప్పి, అద్దంలో చూసి, మిగిలిన కొనవేలంత వెలుగులో ఎడమకంటికి గీత గీసింది.

అద్దం టప్పున పగిలింది. స్వామి చూపు దాన్ని దాటుకుని ద్వారంలోంచి మండపంలోకి, మండపంలోంచి ఎండలోకి పోయింది.

మెట్ల దగ్గర లింగి "నా మేకలేవీ!" అని అరిచింది. అరిచి, తన నోటిమీద తనే చెయ్యి వేసుకుంది. సిద్ధయ్య కాళ్ళ దగ్గర పొడుగాటి నీడ దబ్బున పడింది. ఆయన ఒక కాలు ఎత్తి చూశాడు, ఇంకో కాలు ఎత్తి చూశాడు. సూరమ్మ చేతిలోంచి పళ్ళెం జారి ఖణేల్మని మోగింది.

పేరమ్మ గడప దగ్గరికి వచ్చి నిలబడింది. అమ్మ తనకేసి చూస్తోంది. 

"ఆ చెయ్యేంటే పేరీ!" అంది సూరమ్మ. "అంత నెత్తురు కారుతుంటే పసుపైనా అద్దుకోవా? నీకెప్పుడొస్తుందే బుద్ధి?"

పేరమ్మ గడప పక్కన కూలబడి, అమ్మ చీర కుచ్చిళ్ళలో మొహం పెట్టుకుని, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది.

ఆ తర్వాత గుడికి తలుపులు పెట్టారు, పూజలు మొదలయ్యాయి. బసివిరెడ్డి మొదటిసారి ఆ ద్వారం కింద నుంచి వెళ్ళేటప్పుడు రెండు చేతులతో తలపాగా గట్టిగా పట్టుకున్నాడట. బయటికి వచ్చి, "ఏదో బరువు దిగినట్టుంది గానీ ఏం దిగిందో తెలీడం లేదు" అన్నాడట.

కొన్నాళ్ళకి పేరమ్మ ఉలి తీసుకుని నిచ్చెన ఎక్కింది, మిగిలిపోయిన కింది దవడ చెక్కుదామని. దగ్గరగా వెళ్ళి చూసింది. ఎండ మండిపోతోంది, గోడలన్నీ పొడిగా ఉన్నాయి. ఆ పైపళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. ఉలి ఆనించబోయి ఆగింది. దవడ పెడితే నోరు మూసుకుంటుంది. నోరు మూసుకున్న ఆకలి మళ్ళీ ఎక్కడికో బయల్దేరుతుంది. వద్దులే అనుకుంది. మెల్లగా నిచ్చెన దిగి వచ్చేసింది.

ఆ మొహాన్నే కీర్తిముఖం అంటారమ్మా. పేరమ్మ దగ్గర పని నేర్చుకున్నవాళ్ళందరూ దాన్ని దవడ లేకుండానే చెక్కారు.

ఊఁ అనడం లేదే? నిద్రపోయావా?

కథ పోయె కంచి దాకా,
మనమొస్తిమి ఇంటి దాకా,
కునుకొచ్చె కంటి దాకా,
ఇక మాటల్లేవు తెల్లారేదాకా.